యాక్సిలరేటర్ పట్టేస్తే



కారు ఇంజిన్‌కు పవర్ పెంచుకునే సరదా మన కుర్రాళ్లలో బాగానే ఉంది. పాత మారుతి జిప్సీనో ఎస్టీమ్‌నో కొని, పెద్ద థ్రాటిల్ బాడీ, కోన్ ఫిల్టర్, హెడర్, వేరే క్యామ్‌షాఫ్ట్ వేయించుకుంటారు. అలాంటి బళ్లకు తరచూ వచ్చే జబ్బు ఒకటుంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసినా ఇంజిన్ రేస్ తగ్గదు. షెడ్లలో దీన్ని 'రేస్ పట్టేసింది' అంటారు. ఈ రోజు దాని గురించి మాట్లాడుకుందాం.

పవర్ పెంచాలని కూర్చున్నప్పుడు మాటలన్నీ ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ ఎలా పంపాలన్న దాని మీదే నడుస్తాయి. ఎంత తెరవాలి, ఎంత త్వరగా తెరవాలి అన్నవే లెక్కలు. తెరిచినదాన్ని తిరిగి మూసేది ఏమిటి, ఎంత బలంతో మూస్తుంది అని అడిగేవాళ్లు అరుదు. కంపెనీ నుంచి వచ్చిన బండిలో ఈ రెండింటికీ పొత్తు కుదిర్చి పంపుతారు. మనం తెరిచే వైపు మార్చేసి మూసే వైపు అలాగే వదిలేస్తాం. పట్టేసే థ్రాటిళ్ల కథ చాలావరకు ఇక్కడే మొదలవుతుంది.

మరమ్మతు సంగతికి వచ్చే ముందు, దారిలో ఉండగా ఇది జరిగితే ఏం చేయాలో చెప్పేస్తాను. వెంటనే క్లచ్ పూర్తిగా తొక్కండి. ఆటోమేటిక్ అయితే న్యూట్రల్‌లోకి తోయండి. ఇంజిన్ గోల పెడుతుంది, పెట్టనివ్వండి. ఇంజిన్ పోతే ఇంకొకటి దొరుకుతుంది. బ్రేక్ ఒక్కసారి గట్టిగా తొక్కి అలాగే పట్టి ఉంచండి. వదిలి వదిలి తొక్కవద్దు. పెట్రోల్ బండిలో బ్రేక్‌కు సాయం చేసే బూస్టర్ మామూలుగా మానిఫోల్డ్‌లోని వాక్యూమ్‌తో పనిచేస్తుంది. థ్రాటిల్ బార్లా తెరుచుకున్నప్పుడు ఆ వాక్యూమ్ దాదాపు ఉండదు. బూస్టర్‌లో మిగిలి ఉన్నది రెండు మూడు తొక్కులకే ఖర్చయిపోతుంది, ఆ తర్వాత పెడల్ బిగుసుకుపోతుంది. బండిని పక్కకు తీసి, పూర్తిగా ఆగాకే తాళం తిప్పండి. పరుగు మీద ఉండగా తాళం బయటికి లాగితే స్టీరింగ్ లాక్ పడుతుంది. కిందికి వంగి చేత్తో పెడల్ లాగాలని మాత్రం చూడకండి. ఆ వంగిన క్షణంలో రోడ్డు కనిపించదు.

ఇక అసలు విషయం. కాలి కింద పెడల్ ఉంటుంది. దాని నుంచి కేబుల్, కేబుల్ చివర థ్రాటిల్ బాడీ పక్కన ఒక పుల్లీ లేదా లివర్, దానికి బిగించిన షాఫ్ట్, ఆ షాఫ్ట్ మీద రెండు స్క్రూలతో నిలిచిన గుండ్రటి రేకు. ఆ రేకునే బటర్‌ఫ్లై అంటాం. మన కాలు దాన్ని తెరవగలదు గానీ మూయలేదు. మూసే పని పూర్తిగా షాఫ్ట్ మీద ఉండే స్ప్రింగ్‌ది. కాలు ఎంత బలంగానైనా తొక్కుతుంది, స్ప్రింగ్ బలం మాత్రం కొద్దిదే. దారిలో ఎక్కడ ఏ కాస్త రాపిడి పెరిగినా తొక్కేటప్పుడు మనకు తెలియదు, వదిలినప్పుడే బయటపడుతుంది. కాబట్టి పట్టేయడం అంటే చాలాసార్లు ఏదో విరిగిందని అర్థం కాదు. స్ప్రింగ్ బలం కంటే రాపిడి ఎక్కువైందని అర్థం.

ఆ రాపిడికి మన కంటికి కనిపించని కారణం ఒకటుంది. ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు మానిఫోల్డ్ లోపలి ఒత్తిడి బయటి గాలి కంటే బాగా తక్కువ. చదరపు సెంటీమీటరుకు సుమారు 0.6 కిలోల తేడా ఉంటుందనుకోండి. 50 మిల్లీమీటర్ల బటర్‌ఫ్లై మీద అది దాదాపు 12 కిలోల బరువు. అదే 70 మిల్లీమీటర్ల బటర్‌ఫ్లై అయితే 23 కిలోలు. వ్యాసం 20 మిల్లీమీటర్లు పెరిగితే బరువు రెట్టింపు అయింది. ఆ బరువంతా షాఫ్ట్‌ను ఒక పక్కకు నొక్కి పట్టి బుష్‌ల మీద పడుతుంది. అందుకే కొన్ని బళ్లలో ఇంజిన్ ఆపి చేత్తో తిప్పితే థ్రాటిల్ హాయిగా తిరుగుతుంది, ఇంజిన్ నడుస్తుంటేనే పట్టేస్తుంది. ఇంజిన్ ఆపి చూసి 'బాగానే ఉందండీ' అని పంపేసిన బండి మర్నాడే తిరిగి రావడానికి కారణం ఇదే.

పట్టేసిన బండి రాగానే మన షెడ్లలో మొదట జరిగేది స్ప్రే కొట్టడం. క్లీనరో, తుప్పు వదిలించే నూనెనో థ్రాటిల్ మీద పిచికారీ చేస్తారు. కొద్ది రోజులు బాగుంటుంది. నూనె ఆరుతుంది, దానికి దుమ్ము పడుతుంది, ముందుకంటే గట్టిగా పట్టేస్తుంది. స్ప్రే కొడితే తగ్గిందంటే రాపిడి ఉందని తేలిందే తప్ప, ఎక్కడుందో తేలలేదు. డబ్బా తీయకముందు బండి యజమానిని నాలుగు ప్రశ్నలు అడగాలి.

ఒకటి, పట్టేసేది తెరిచేటప్పుడా, మూసుకునేటప్పుడా? కాలు పెట్టగానే మొదట కదలక, తర్వాత ఒక్కసారిగా ఊడినట్టు ముందుకు దూకితే అది ఒక జబ్బు. తెరుచుకోవడం మామూలుగానే ఉండి వెనక్కి రాకపోతే అది వేరే జబ్బు. రెండు, చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? మూడు, కొద్దిగా తొక్కినప్పుడా, పూర్తిగా తొక్కినప్పుడా? నాలుగు, చివరగా ఏ పని చేయించాక మొదలైంది? ఈ నాలుగో ప్రశ్నకు 'ఏమీ చేయించలేదండీ' అన్న జవాబు వస్తే ఇంకొకసారి అడగండి. మ్యాట్ మార్చడం, ఎయిర్ ఫిల్టర్ మార్చడం, గేర్‌బాక్స్ దించి ఎక్కించడం కూడా పనులే.

ఇంకొక సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. రేస్ ఎక్కువగా ఉన్నంత మాత్రాన థ్రాటిల్ పట్టేసినట్టు కాదు. ఇంజిన్ అధిక రేస్‌లో ఉన్నప్పుడు బానెట్ ఎత్తి, థ్రాటిల్ లివర్ తన స్టాప్ స్క్రూకు ఆని ఉందో లేదో చూడండి. ఆనకపోతే పట్టేసినట్టే. ఆని ఉండీ రేస్ ఉంటే గాలి వేరే దారిన లోపలికి వెళుతోంది. మానిఫోల్డ్ ప్యాకింగ్ చెడి ఉండవచ్చు, వాక్యూమ్ పైపు ఊడి ఉండవచ్చు, ఐడిల్ వాల్వ్ తెరుచుకుని నిలిచిపోయి ఉండవచ్చు, కార్బ్యురేటర్ బండిలో చోక్ పూర్తిగా వెనక్కి రాకపోయి ఉండవచ్చు. ఇప్పటి కొన్ని కార్లలో గేర్ మార్చేటప్పుడు రేస్ వెంటనే పడిపోకుండా కాస్త ఆగి తగ్గుతుంది. పొగలోని కాలుష్యం తగ్గించడానికి కంప్యూటర్ కావాలని చేసే పని అది. ఇవి తేల్చుకోకుండా థ్రాటిల్ విప్పితే రోగం ఒకటి, మందు ఒకటి అవుతుంది.

లివర్ స్టాప్‌కు ఆనడం లేదని తేలాక చేయవలసిన మొదటి పని కేబుల్‌ను థ్రాటిల్ బాడీ దగ్గర ఊడదీయడం. అంతే, సమస్య రెండు ముక్కలైపోతుంది. అటు పెడల్, కేబుల్. ఇటు షాఫ్ట్, బటర్‌ఫ్లై. ఏ ముక్క బిగుతుగా ఉందో చేతికే తెలుస్తుంది. ఎక్కువ కష్టం లేని ఈ పని వదిలేసి ముందే థ్రాటిల్ బాడీ మొత్తం విప్పి కూర్చుంటారు చాలామంది.

పెడల్ వైపు చూద్దాం. మొట్టమొదట మ్యాట్. ఒక మ్యాట్ మీద ఇంకొకటి పరిచినప్పుడు పైది ముందుకు జారి పెడల్ చివరను పట్టుకుంటుంది. రేసింగ్ సరదాతో పెడల్ మీద బిగించిన అల్యూమినియం ప్లేటు కూడా అంతే, దాని అంచు కార్పెట్‌కు తగులుకుంటుంది. తర్వాత కేబుల్. ఇన్నర్‌ను, అంటే లోపలి తీగను, చేత్తో అటూ ఇటూ లాగి చూడండి. గరగరమని తగిలితే లోపల ఒక పోగు తెగిందని అర్థం. తెగిన పోగు తొక్కేటప్పుడు వాలిపోతుంది, వెనక్కి వచ్చేటప్పుడు ముల్లులా బయటి తొడుగైన ఔటర్ అంచుకు గుచ్చుకుంటుంది. అలాంటి కేబుల్‌కు నూనె వైద్యం లేదు, మార్చేయడమే. లోపల నైలాన్ లైనర్ ఉన్న కేబుల్‌లో నూనె పోస్తే దుమ్ము పట్టి ఇంకా చెడిపోతుంది.

పవర్ పెంచిన బళ్లలో కేబుల్ చెడిపోవడానికి ఒక ప్రత్యేక కారణం హెడర్. కంపెనీ ఇచ్చిన ఎగ్జాస్ట్ మీద వేడి ఆపే రేకు ఉంటుంది. హెడర్ వేసినప్పుడు ఆ రేకు తీసి పక్కన పడేస్తారు. పైపులు వెడల్పవుతాయి, కేబుల్ దారికి దగ్గరవుతాయి. ఔటర్ పైకి బాగానే కనిపిస్తూ లోపల లైనర్ మెత్తబడి ఇన్నర్‌ను పట్టేస్తుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు బాగుండి, గంటసేపు నడిపాక పట్టేస్తే ముందుగా కేబుల్ దారి చూడండి. హెడర్‌కు దూరంగా, గుండ్రటి వంపులతో తీసుకెళ్లాలి. పొడవు ఎక్కువైన కేబుల్‌ను చుట్ట చుట్టి టై కట్టడం పనికిరాదు.

పెడల్ వైపు ఇంకొక కారణం ఉంది. తెలిస్తే ఆశ్చర్యంగా ఉంటుంది, తెలియకపోతే ఎన్ని రోజులు వెతికినా దొరకదు. కేబుల్ ఒక చివర బాడీకి, రెండో చివర ఇంజిన్‌కు ఉంటుంది. ఇంజిన్ మౌంటింగ్ రబ్బరు చిరిగిపోతే గట్టిగా రేస్ ఇచ్చినప్పుడు ఇంజిన్ ఒక పక్కకు ఒరుగుతుంది. ఒరగడంతో కేబుల్ తనంతట తాను లాగబడుతుంది, థ్రాటిల్ ఇంకొంచెం తెరుచుకుంటుంది, ఇంజిన్ ఇంకొంచెం ఒరుగుతుంది. కాలు తీసినా ఆ పట్టు వెంటనే వదలదు. పవర్ పెరిగిన ఇంజిన్, పాత రబ్బర్లు కలిస్తే ఇది జరుగుతుంది. దీన్ని పరీక్షించేటప్పుడు చక్రాలకు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, బ్రేక్ తొక్కి ఉంచి, పక్క నుంచి ఇంజిన్ కదలిక గమనించండి. బండి ముందు, వెనక ఎవరూ నిలబడకూడదు.

పూర్తిగా తొక్కినప్పుడే పట్టేస్తే చూడవలసింది పెడల్ స్టాప్. లివర్‌కు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటించి లాగితే కేబుల్ లాగే దిశ, లివర్ ఇరుసు ఒకే గీత మీదకు వచ్చేస్తాయి, అప్పుడు స్ప్రింగ్‌కు తిప్పే బలం చాలదు. కంపెనీ లివర్ తీసి వేరేది పెట్టినప్పుడు, వేరే బండి పెడల్ బిగించినప్పుడు ఇలా అవుతుంది. మందు చవక. బటర్‌ఫ్లై సరిగ్గా పూర్తిగా తెరుచుకున్న చోట పెడల్ కింద ఒక బోల్టు స్టాప్‌గా పెట్టాలి. కాలి బలమంతా ఆ బోల్టు మీద పడాలి గానీ కేబుల్ మీద, లివర్ మీద పడకూడదు.

ఇప్పుడు థ్రాటిల్ వైపు వద్దాం. కేబుల్ ఊడదీశాక కూడా చేతికి బిగుతుగా తగిలితే దోషం ఇక్కడే. అన్నిటికంటే మామూలుది కార్బన్. పిస్టన్‌ల పక్క నుంచి కిందికి జారిన గ్యాసు, నూనె ఆవిరితో కలిసి బ్రీదర్ పైపు గుండా తిరిగి ఇన్‌టేక్‌లోకి వస్తుంది. టర్బో వేసిన ఇంజిన్‌లో, పిస్టన్‌లు వదులుగా బిగించిన ఇంజిన్‌లో ఇది ఎక్కువ. బటర్‌ఫ్లై మూసుకునే చోట నల్లటి జిగురు వలయంలా పేరుకుంటుంది. కాలు పెట్టగానే మొదట కదలక తర్వాత దూకే జబ్బుకు ఎక్కువసార్లు కారణం ఇదే. గుడ్డకు క్లీనర్ తడిపి తుడవాలి. గీకకూడదు, ఉప్పుకాగితం అసలే వద్దు. కొన్ని థ్రాటిల్ బాడీలకు లోపల కంపెనీ పూత ఉంటుంది, అది పోతే ఐడిల్ చెడుతుంది. తుడవడంతో పని అయిపోదు. బ్రీదర్ పైపు దారిలో నూనె పట్టే డబ్బా పెట్టకపోతే నల్లదనం మళ్లీ వస్తుంది.

అదే లక్షణం చూపించే రెండో కారణం స్టాప్ స్క్రూ. బటర్‌ఫ్లై పూర్తిగా మూసుకున్నప్పుడు బోర్ గోడను బిగించి పట్టకుండా, వెంట్రుకవాసి ముందే ఆగేలా ఆ స్క్రూ ఆపుతుంది. ఎక్కడో గాలి లీకై ఐడిల్ పెరిగితే, లీకు వెతకకుండా ఈ స్క్రూను వెనక్కి తిప్పి ఐడిల్ తగ్గించేవాళ్లున్నారు. అప్పుడు బటర్‌ఫ్లై అంచు బోర్‌లో ఇరుక్కుంటుంది. చాలా బళ్లలో కంపెనీ ఆ స్క్రూ మీద రంగు వేసి సీలు చేసేది అందుకే. రంగు పగిలి ఉంటే ఎవరో చెయ్యి పెట్టారని అర్థం.

మూడోది బిగింపు. థ్రాటిల్ బాడీ అల్యూమినియం పోత. 6 మిల్లీమీటర్ల బోల్టులకు సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. బారు స్పానర్‌తో బలమంతా పెట్టి బిగిస్తే బోర్ గుండ్రతనం పోతుంది. అనుమానం వస్తే ఇంజిన్ ఆపి బోల్టులు వదులు చేసి బటర్‌ఫ్లై తిప్పండి. అప్పుడు హాయిగా తిరిగితే దోషం బిగింపుదో, కింది మట్టం సమంగా లేకపోవడమో.

నాలుగోది పవర్ పెంచిన బళ్లకే ప్రత్యేకం. దీన్ని ఒక జిప్సీలో దగ్గరగా చూశాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. 1300 సీసీ, 16 వాల్వుల ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్. కంపెనీ చెప్పిన పవర్ 80 హార్స్‌పవర్. యజమాని వేరే బండి థ్రాటిల్ బాడీ తెచ్చి వేయించాడు. ట్రాఫిక్‌లో నెమ్మదిగా వెళుతూ కాలు తీస్తే రేస్ రెండున్నర వేల దగ్గర నిలిచిపోయేది. ఒకసారి గట్టిగా తొక్కి వదిలితే తగ్గేది. మా దగ్గరికి వచ్చేసరికి షాఫ్ట్ మీద ఉన్న స్ప్రింగ్ కాక బయట ఇంకా రెండు స్ప్రింగులు కట్టి ఉన్నాయి. పెడల్ క్లచ్ పెడల్ అంత బరువెక్కింది. అయినా పట్టేస్తూనే ఉంది. ఇంజిన్ ఆపి తిప్పితే దోషమే లేదు.

థ్రాటిల్ బాడీ విప్పి వెలుతురుకు పట్టి చూస్తే బటర్‌ఫ్లై కింది అంచున గోరంత మేర నెలవంకలా మెరుస్తోంది. మిగతా అంచంతా మసి. లోహానికి లోహం తగిలి మెరుగు పెట్టిన చోటు అది. మానిఫోల్డ్ నోటి దగ్గర వేలితో తడిమితే సరిగ్గా ఆ వైపే ఒక మెట్టు తగిలింది. కొత్త బాడీ నోరు మానిఫోల్డ్ నోటి కంటే 4 మిల్లీమీటర్లు పెద్దది, అంటే చుట్టూ 2 మిల్లీమీటర్ల మెట్టు. బటర్‌ఫ్లై తెరుచుకునేటప్పుడు దాని కింది అంచు మానిఫోల్డ్ వైపు దిగుతుంది. బాడీ మందం తక్కువైతే అది బాడీ దాటి బయటికి వస్తుంది. కొద్దిగా తెరుచుకున్న దశలో అంచు ఇంకా గోడ పక్కనే ఉంటుంది కాబట్టి ఆ మెట్టుకు తగులుతుంది. పూర్తిగా తెరిస్తే మధ్యకు వచ్చేస్తుంది, తగలదు. అందుకే నెమ్మదిగా నడిపినప్పుడే పట్టేసేది. మరి ఇంజిన్ ఆపితే ఎందుకు తగలలేదు? పాత బాడీ కావడంతో బుష్‌లు అరిగి షాఫ్ట్ కాస్త ఆడుతోంది. ఇంజిన్ నడిచినప్పుడు వాక్యూమ్ బటర్‌ఫ్లైని కిందికి లాగుతోంది. వానాకాలంలో ఉబ్బిన తలుపు గడపకు ఒక్క చోట ఒరుసుకున్నా మొత్తం తలుపు బిగుసుకుంటుంది చూడండి, అలాగే.

మందు ఏమిటి? మానిఫోల్డ్ నోటిని లోపలికి ఏటవాలుగా చెక్కించి మెట్టు తీసేయడం, ప్యాకింగ్‌ను కొత్త నోటి కొలతకు కత్తిరించడం, బుష్‌లు మార్చడం. ఆ తర్వాత అదనపు స్ప్రింగులలో ఒకటి తీసేశాం, పెడల్ తేలికైంది. ఈ దోషం పట్టాలంటే ఒక చిట్కా ఉంది. బటర్‌ఫ్లై అంచుకు చుట్టూ మార్కర్ రంగు పూసి, బిగించి, నడిపి, మళ్లీ చూడండి. రంగు ఎక్కడ చెరిగిందో అక్కడే తగులుతోంది.

ఒక్కో సిలిండర్‌కు ఒక్కో థ్రాటిల్ పెట్టే ఇంజిన్‌లు, జంట వెబర్ కార్బ్యురేటర్లు పెట్టే ఇంజిన్‌లు ఉన్నాయి. వాటిలో పట్టేయడం ఎక్కువగా లింకేజీ వల్ల వస్తుంది. అల్యూమినియం వేడికి స్టీల్ కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. 400 మిల్లీమీటర్ల పొడవున్న అల్యూమినియం మానిఫోల్డ్ 60 డిగ్రీలు వేడెక్కితే సుమారు అర మిల్లీమీటరు సాగుతుంది. దాని మీద బిగించిన స్టీల్ రాడ్ అందులో సగమే సాగుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఖచ్చితంగా అమర్చిన లింకేజీ వేడెక్కేసరికి బిగుసుకుంటుంది. అందుకే ఆ రాడ్‌ల చివర బాల్ జాయింట్లు, మధ్యలో కాస్త పక్క ఆట ఉండాలి. థ్రాటిళ్లన్నిటినీ సింక్రనైజ్ చేసేది కూడా ఇంజిన్ వేడెక్కాకే. ఇక బటర్‌ఫ్లైని షాఫ్ట్‌కు బిగించే చిన్న స్క్రూలు ఉంటాయి. విప్పి బిగించాక వాటి చివరలు కదలకుండా కొట్టి నొక్కేయాలి. ఊడితే ఇంజిన్‌లోకే పోతాయి, సగం ఊడితే బటర్‌ఫ్లై వంకర తిరిగి ఇరుక్కుంటుంది.

స్ప్రింగుల మాట కూడా తేల్చుకుందాం. పట్టేసే థ్రాటిల్‌కు బలమైన స్ప్రింగు కట్టడం వైద్యం కాదు, జబ్బును దాచడం. ఆ బలం మళ్లీ షాఫ్ట్‌నే ఒక పక్కకు లాగి బుష్‌లను త్వరగా అరగదీస్తుంది. అలాగని ఒక్క స్ప్రింగు సరిపోదు. అమెరికాలో 1973 నుంచి అమల్లో ఉన్న 124వ నంబరు వాహన భద్రతా ప్రమాణం ఏమంటుందంటే, థ్రాటిల్‌ను ఐడిల్‌కు తీసుకురావడానికి రెండు వేర్వేరు బలాలు ఉండాలి, ఒకటి విఫలమైనా రెండోది పని పూర్తి చేయాలి. మామూలు కార్లలో కాలు తీసిన ఒక్క సెకనులోగా థ్రాటిల్ ఐడిల్‌కు రావాలి. మనం మార్చిన ఇంజిన్‌కు కూడా ఇదే కొలబద్ద. రెండు స్ప్రింగులు, రెండూ షాఫ్ట్ లివర్‌కే. పెడల్ దగ్గర కట్టిన స్ప్రింగు లెక్కలోకి రాదు. పెడల్‌కూ థ్రాటిల్‌కూ మధ్య లింకు ఊడితే అది పెడల్‌ను మాత్రమే పైకి లేపుతుంది.

ఈ జాగ్రత్తల వెనుక ప్రాణాలున్నాయి. 2000 సంవత్సరంలో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రేస్ ట్రాక్ మీద రెండు నెలల వ్యవధిలో ఇద్దరు నాస్కార్ డ్రైవర్లు చనిపోయారు. మే 12న ఆడమ్ పెట్టీ, జూలై 7న కెన్నీ ఇర్విన్. ఇద్దరూ ప్రాక్టీసులో ఉండగా ఒకే మలుపు దగ్గర గోడను ఢీకొన్నారు. రెండిటిలోనూ థ్రాటిల్ పట్టేసి ఉంటుందన్న అనుమానం వచ్చింది. ఆ తర్వాత స్టీరింగ్ మీదే ఇంజిన్ ఆపే మీట ఉండాలని నాస్కార్ నియమం పెట్టింది. ట్రాక్ మీద నడపాలనుకునే బండిలో అలాంటి మీట, బెల్టు పెట్టుకుని కూర్చున్నప్పుడు చేతికి అందేలా, తప్పకుండా పెట్టించుకోండి.

కేబుల్ లేని కొత్త బళ్ల సంగతేమిటని అడుగుతారు. వాటిలో పెడల్‌కు రెండు సెన్సర్లు, థ్రాటిల్‌కు రెండు సెన్సర్లు ఉంటాయి. రెండూ చెప్పేది కలవకపోతే కంప్యూటర్ పవర్ తగ్గించేస్తుంది. స్కానర్ పెడితే పీ 2111 అని వస్తే థ్రాటిల్ తెరుచుకున్న చోట నిలిచిపోయిందని, పీ 2112 అంటే మూసుకున్న చోట నిలిచిపోయిందని, పీ 2135 అంటే రెండు సెన్సర్ల లెక్క కలవడం లేదని అర్థం. ఈ బళ్లలో ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా బటర్‌ఫ్లైని వేలితో తోయకండి. లోపలి మోటార్ కదిలితే వేలు నలుగుతుంది, చేత్తో బలంగా తోస్తే గేర్లు పాడవుతాయి. శుభ్రం చేశాక చాలా బళ్లలో ఐడిల్ మళ్లీ నేర్పించాల్సి ఉంటుంది, అది సర్వీసు పుస్తకం ప్రకారం చేయాలి.

కేబుల్ లేదు కదా, పట్టేయదనుకోవద్దు. 2010 జనవరిలో టొయోటా అమెరికాలో సుమారు 23 లక్షల బళ్లను వెనక్కి పిలిచింది, పెడల్ పట్టేస్తుందన్న కారణంతో. కేబుల్ లేని పెడల్ మరీ తేలిగ్గా ఉంటే కాలికి పట్టు దొరకదని, అందులో కావాలని కొంచెం రాపిడి పుట్టించే చిన్న భాగం పెడతారు. అది అరిగి, తేమ చేరినప్పుడు రాపిడి మితిమీరి పెడల్ నెమ్మదిగా వెనక్కి రావడం, కొన్నిసార్లు సగంలో నిలిచిపోవడం జరిగింది. అంతకు కొద్ది నెలల ముందే మ్యాట్ పెడల్‌కు తగులుకుంటోందని అదే కంపెనీ ఇంకొక పెద్ద రీకాల్ చేసింది. కంప్యూటర్ తప్పేమోనన్న అనుమానాన్ని నాసా ఇంజినీర్లు పరిశీలించారు. ఎలక్ట్రానిక్స్ వల్ల బళ్లు వాటంతట అవే దూసుకుపోయాయనడానికి ఆధారం దొరకలేదని 2011 ఫిబ్రవరిలో నివేదిక వచ్చింది. మ్యాట్, రాపిడి అన్న పాత జబ్బులే కొత్త బళ్లకూ వచ్చాయన్నమాట.

చట్టం సంగతి ఒక్క మాట. బండి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు తేడా పడేలా మార్పులు చేయకూడదని మన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. ఆ మార్పులున్న బండికి ప్రమాదం జరిగితే బీమా క్లెయిము దగ్గర కూడా చిక్కు వస్తుంది. పవర్ పెంచిన బండి సరదా తీర్చుకోవడానికి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు దగ్గర కరి లాంటి రేస్ ట్రాక్‌లు ఉన్నాయి. రేసుకు వెళితే స్క్రూటినీలో బండి మొత్తం చూస్తారు. ఆ చూపు రోడ్డు మీద బండికి దొరకదు, కాబట్టి మీరే చూసుకోవాలి.

చివరగా, బండి అప్పగించే ముందు మెకానిక్, తీసుకునే ముందు యజమాని కలిసి చేయవలసిన పరీక్ష చెబుతాను. ఇంజిన్ ఆపి, ఒకరు పెడల్ పూర్తిగా తొక్కాలి, ఇంకొకరు బానెట్ దగ్గర బటర్‌ఫ్లై నిజంగా పూర్తిగా తెరుచుకుందో, పెడల్ స్టాప్‌కు ఆనిందో చూడాలి. కాలు పక్కకు తీయగానే లివర్ టక్కుమని స్టాప్‌కు కొట్టుకోవాలి. ఇదే పావు వంతు, సగం, ముప్పావు తొక్కి మళ్లీ చూడాలి. తర్వాత ఒక స్ప్రింగు ఊడదీసి చూడాలి, ఒంటి స్ప్రింగుతో కూడా పూర్తిగా మూసుకోవాలి. దాన్ని తిరిగి తగిలించి రెండో స్ప్రింగు ఊడదీసి ఇంకొకసారి. చివరికి రెండూ తగిలించి ఇంజిన్ స్టార్ట్ చేసి, బాగా వేడెక్కాక, న్యూట్రల్‌లో ఇదంతా మరోసారి. చల్లటి ఇంజిన్ మీద చేసిన పరీక్ష సగం పరీక్షే.

పవర్ ఎంత పెంచుకున్నారన్నది మీ ఇష్టం, మీ జేబు. కానీ వేడెక్కిన ఇంజిన్ మీద, కాలు తీసిన సెకనులోగా పూర్తిగా మూసుకోని థ్రాటిల్‌తో బండిని షెడ్డు గేటు దాటించకండి. 'ఈ ఒక్కసారికి నెమ్మదిగా తీసుకెళ్లండి' అని మెకానిక్ అన్నా యజమాని ఒప్పుకోవద్దు, యజమాని బతిమాలినా మెకానిక్ తాళాలు ఇవ్వవద్దు.